ల్యాండ్‌స్కేప్‌లో పీజీ: విజయవాడా, అహ్మదాబాదా, అమెరికానా, జర్మనీనా?

ఏటా నవంబర్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. చేసేది బీ.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) ఆఖరి ఏడాది పిల్లలు, లేదంటే పాసై ఏడాది రెండేళ్లు ఏదో ఆఫీసులో టాయిలెట్ డీటెయిల్స్ గీసి గీసి విసిగిపోయినవాళ్లు. "అక్కా, ల్యాండ్‌స్కేప్ చేద్దామనుకుంటున్నా. విజయవాడ ఎస్పీఏ చాలా, సెప్ట్‌కి వెళ్లాలా? మా మేనమామ కొడుకు అమెరికా వచ్చేయమంటున్నాడు. జర్మనీలో ఫీజే ఉండదంట కదా?" అన్నీ ఒకే ఊపిరిలో అడిగేస్తారు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అంటే భవనాల బయటి నేల, నీరు, మొక్కల డిజైన్. ఎస్పీఏ అంటే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, సెప్ట్ అంటే అహ్మదాబాద్‌లోని విశ్వవిద్యాలయం. నేను తిరిగి ఒక్కటే అడుగుతాను: "చదువయ్యాక మొదటి అయిదేళ్లు ఏ ఊళ్లో పని చేద్దామని?" అటువైపు చప్పుడుండదు. కాలేజీ పేర్ల మీద నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్లు కూడా ఈ మాట అనుకుని ఉండరు.

ఎందుకు అడుగుతానో చెప్తాను. భవనాల డిజైన్ ఒకచోట నేర్చుకుని ఇంకోచోట చేయొచ్చు. కాంక్రీటు, ఉక్కు, గాజు ఎక్కడైనా దాదాపు ఒకలాగే ప్రవర్తిస్తాయి. మొక్క అలా కాదు, మట్టి అసలే కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను ఊడ్చిపెట్టాక, త్వరగా ఎదుగుతుందని ఏడాకుల పాల మొక్కల్ని వీధుల వెంట విపరీతంగా నాటారు. చెట్టు తప్పుడు చెట్టేమీ కాదు. కానీ చలికాలం మొదట్లో వీధి వీధంతా ఒకేసారి పూస్తే, ఆ ఘాటుకి ఊపిరాడటం లేదని, తలనొప్పులని జనం గోల పెట్టారు. డివైడర్ల మీద కోనోకార్పస్ కథ కూడా ఇలాంటిదే. ముందు ముచ్చటపడి నాటడం, తర్వాత వద్దనుకుని కొట్టేయడం. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో, ఏ వేరు ఏ పైపు మీదికి పోతుందో తెలియడమే ఈ చదువులో సగం. ఆ సగం మీరు చదివిన ఊరి మట్టికి అంటుకుని ఉంటుంది.

ముందు మీ డిగ్రీ సంగతి

మన దేశంలో ఈ పీజీ ఎక్కువచోట్ల ఎం.ఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్) కిందే వస్తుంది కాబట్టి బీ.ఆర్క్ ఉన్నవాళ్లకే ప్రధానంగా తలుపులు తెరుచుకుంటాయి. బీఎస్సీ హార్టికల్చర్ చేసినవాళ్లు ఇక్కడ తికమక పడతారు. వెంకటరామన్నగూడెంలోని వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఎమ్మెస్సీలో ఫ్లోరికల్చర్, ల్యాండ్‌స్కేపింగ్ అనే విభాగం కనబడుతుంది. పేరులో ల్యాండ్‌స్కేప్ ఉంది కదా అని అదీ ఇదీ ఒకటే అనుకోకండి. అది పూలసాగు, ప్రవర్ధనం, పచ్చిక, మొక్కల శాస్త్రం. మంచి చదువే, కొలువులూ ఉన్నాయి. కానీ అక్కడ నేల ఎత్తుపల్లాల గీతలు (కాంటూర్లు) మార్చి గ్రేడింగ్ ప్లాన్ గీయడం, నాలుగు వందల ఎకరాల సైటులో వాన నీరు ఎటు పోవాలో తేల్చడం నేర్పరు.

హార్టికల్చర్, సివిల్, జాగ్రఫీ, ఫైన్ ఆర్ట్స్ నుంచి వచ్చి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కావాలంటే విదేశీ దారే సులువు. అమెరికాలో ఏ డిగ్రీ ఉన్నా చేరగలిగే మూడేళ్ల ఎంఎల్ఏ (మాస్టర్ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్) ఉంటుంది. బ్రిటన్‌లో వేరే సబ్జెక్టు వాళ్ల కోసం కన్వర్షన్ కోర్సులున్నాయి. బీ.ఆర్క్ ఉంటే అమెరికాలో ఒక ఏడాది తగ్గి రెండేళ్లలో అయిపోతుంది. హార్వర్డ్ లాంటి చోట ఈ రెండింటికీ వేర్వేరు దరఖాస్తులు. దేనికి పెడుతున్నారో చూసుకోకపోతే ఒక ఏడాది ఫీజు అనవసరంగా మీద పడుతుంది.

తూకం వేయడానికి నాలుగు రాళ్లు

మొదటి రాయి మట్టి, మొక్క, నీరు. దాని గురించి చెప్పాను.

రెండోది పని చేసే హక్కు. మన దగ్గర 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్ట్రేషన్ మీ బీ.ఆర్క్ మీద వస్తుంది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అన్న పేరుకి విడిగా చట్టబద్ధమైన లైసెన్సు ఏదీ లేదు. 2003లో ఏర్పడిన ఐసోలా (ఇండియన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్) వృత్తి సంఘమే తప్ప లైసెన్సు ఇచ్చే సంస్థ కాదు. కాబట్టి ఇండియాలో ప్రాక్టీసు వరకైతే మీ పీజీ ఏ దేశానిదన్నది పెద్ద అడ్డంకి కాదు. అమెరికాలో అలా కుదరదు. ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్సు ఉంటుంది. అక్కడ ఈ కోర్సుల్ని తనిఖీ చేసే ఎల్ఏఏబీ బోర్డు గుర్తింపున్న డిగ్రీ, కొన్నేళ్ల అనుభవం, నాలుగు భాగాల పరీక్ష. జర్మనీలో ఆ వృత్తి పేరు పెట్టుకోవడానికే రాష్ట్ర ఆర్కిటెక్టుల చాంబర్‌లో నమోదు కావాలి. అక్కడ స్థిరపడాలనుకునేవాళ్లు యూనివర్సిటీ ర్యాంకు కన్నా ముందు చూడాల్సింది ఈ గుర్తింపే.

మూడోది డబ్బు. ఫీజు ఒక్కటే కాదు. అద్దె, వీసా ఖాతాలో చూపించాల్సిన మొత్తం, అప్పు మీద వడ్డీ, ఆ రెండేళ్లు జీతం రాకపోవడం, అన్నీ కలిపి లెక్కేయండి. ఇంకో నిజం కూడా చెప్పాలి. మన దేశంలో ల్యాండ్‌స్కేప్ ఆఫీసుల్లో పీజీ తర్వాత వచ్చే మొదటి జీతం సాఫ్ట్‌వేర్ చుట్టాలకు చెప్పుకునేంత ఉండదు. ఆ జీతంతో తీర్చగలిగే అప్పు ఎంతో ముందే కాగితం మీద వేసుకోండి.

నాలుగోది స్టూడియో, అంటే ఒక సైటు తీసుకుని సెమిస్టరంతా డిజైన్ చేసే తరగతి. రెండేళ్లలో నాలుగు స్టూడియోలు, అందులో ఒకటి థీసిస్. ఆ స్టూడియో నడిపేవాళ్లు నిజంగా ప్రాక్టీసు చేస్తున్నారా, సైటుకి తీసుకెళ్తారా, ఎకాలజీ చెప్పడానికి ఎకాలజిస్టు వస్తాడా లేక ఆర్కిటెక్టే సర్దేస్తాడా? వెబ్‌సైట్ చూస్తే ఇది తేలదు. ప్రస్తుతం రెండో ఏడాదిలో ఉన్న విద్యార్థికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

గేట్ దారి: విజయవాడ, భోపాల్, ఢిల్లీ

ప్రభుత్వ సంస్థల్లో సీటుకి గేట్ పరీక్షలో ఆర్కిటెక్చర్ (ఏఆర్) పేపరే ప్రధానమైన తాళంచెవి. ఫిబ్రవరిలో జరుగుతుంది, మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కనుక ఆఖరి ఏడాదిలోనే రాసి పెట్టుకోవడంలో నష్టం లేదు. ఎన్ఐటీలకు, విజయవాడ, భోపాల్ ఎస్పీఏలకు సీసీఎంటీ అనే ఉమ్మడి పీజీ కౌన్సెలింగ్ ద్వారా వెళ్తారు. గేట్ స్కోరుతో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయల స్టైపెండ్. రెండేళ్లకు లెక్కేస్తే మూడు లక్షలకు కాస్త తక్కువ. ఇంటి నుంచి డబ్బు అడగలేనివాళ్లకు ఈ ఒక్క కారణం చాలు.

విజయవాడ, భోపాల్ ఎస్పీఏలు రెండూ 2008లో మొదలయ్యాయి. విజయవాడ క్యాంపస్ ఐటీఐ రోడ్డులో. మనవాళ్లు "ఇంటి పక్కనే కదా" అని దాన్ని చులకనగా చూడటం నాకు నచ్చదు. ల్యాండ్‌స్కేప్ చదవడానికి అంతకంటే సమస్యలున్న ఊరు ఎక్కడ దొరుకుతుంది? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచే పోతాయి. నదికి అవతల కొత్త రాజధాని, దానికి కొండవీటి వాగు ముంపు తలనొప్పి. నల్లరేగడి, లంక భూములు, కొండవాలు ఇళ్లు అన్నీ గంట దూరంలోనే. స్థానిక రైతుతో, కాలువ చూసుకునే లస్కరుతో తెలుగులో మాట్లాడి విషయం రాబట్టగలగడం చిన్న లాభం కాదు. భాష రాని తోటి విద్యార్థి సర్వే ఫారం పట్టుకుని నిలబడితే మీరు అరుగు మీద కూర్చుని కాలువకి నీళ్లు ఎప్పుడొదులుతారో కనుక్కుని వస్తారు.

లోటు ఎక్కడంటే, పాత సంస్థలకున్నంత పూర్వ విద్యార్థుల బలగం ఇంకా పెరగలేదు. ఢిల్లీ, బెంగళూరు ఆఫీసుల్లో ఇంటర్న్‌షిప్ కావాలంటే మీరే తిరగాలి.

ఢిల్లీ ఎస్పీఏది అందుకు పూర్తిగా భిన్నమైన బలం. ఈ వృత్తిలో ఒక తరం పెద్దలు అక్కడ చదివినవాళ్లో, పాఠం చెప్పినవాళ్లో. హుమాయూన్ సమాధి తోటల పునరుద్ధరణ, 2018లో జనానికి తెరిచిన సుందర్ నర్సరీ చేసిన మొహమ్మద్ షహీర్ అక్కడ చాలా ఏళ్లు బోధించారు. సుందర్ నర్సరీకి వెళ్లి ఒక సాయంత్రం కూర్చోండి, నీటి కాలువ రాతి అంచుల్ని, చెట్ల వరసల్ని చూడండి. ఏ లెక్చరూ అంత చెప్పదు. యమునా వరద మైదానం, రిడ్జ్ అడవి, మొఘల్ తోటలు అన్నీ అక్కడే. అద్దెలు, చలి, గాలి కాలుష్యం కూడా అక్కడే. భోపాల్‌కి పెద్ద చెరువు, చిన్న చెరువు కలిసిన భోజ్ తడినేల ఉంది. తడినేలల మీద ఆసక్తి ఉన్నవాళ్లు మొదటి ప్రాధాన్యంగా పెట్టుకున్నా తప్పులేదు.

సెప్ట్, అహ్మదాబాద్

బాలకృష్ణ దోషి 1962లో మొదలుపెట్టిన ఆర్కిటెక్చర్ స్కూలే ఈనాటి సెప్ట్ విశ్వవిద్యాలయం. ఇక్కడ స్టూడియోలు ఎంపిక పద్ధతిలో నడుస్తాయి. సెమిస్టర్ మొదట్లో ఎవరు ఏ సైటు మీద ఏ ప్రశ్నతో స్టూడియో నడుపుతున్నారో చూసి మీరు ఎంచుకుంటారు. సొంతంగా ఏం కావాలో తెలిసినవాడికి ఇది పండగ. తెలియనివాడు నాలుగు సెమిస్టర్లూ నాలుగు దిక్కులకి పోయి ఆఖర్న థీసిస్ అంశం దొరక్క తల పట్టుకుంటాడు. ప్రాక్టీసు చేసే డిజైనర్లు బోధనకి రావడం, ప్రెజెంటేషన్ నాణ్యత, ముంబయి, పుణె, బెంగళూరు ఆఫీసుల్లో ఆ పేరుకున్న పరపతి, ఇవీ దాని ఆస్తులు. సబర్మతి ఒడ్డుని కాంక్రీటు గోడలతో కట్టిన రివర్‌ఫ్రంట్ పక్కనే ఉంది. మూసీ గురించి రేపు మన దగ్గర జరగబోయే వాదనలన్నీ అక్కడ ఇప్పటికే జరిగాయి.

ఫీజు మాత్రం ఎస్పీఏలతో పోలిస్తే చాలా ఎక్కువ. అప్లై చేసే ఏడాది ఫీజు పట్టిక, స్కాలర్‌షిప్ నిబంధనలు స్వయంగా చూసుకోండి. సీనియర్లు చెప్పే అంకెలు ఎప్పుడూ రెండేళ్లు పాతవే. నా మట్టుకు, ఇంట్లో భరించగలిగితే సెప్ట్ బాగుంటుంది. అప్పు చేసి మాత్రం సెప్ట్‌కి వద్దంటాను. ఇక్కడి జీతంతో ఆ కంతులు కడుతూ మంచి ఆఫీసులో తక్కువ జీతానికి నేర్చుకునే స్వేచ్ఛ పోగొట్టుకుంటారు.

పుణెలోని భానుబెన్ నానావతి మహిళా కళాశాలలో కూడా ఈ కోర్సు ఉంది. అమ్మాయిలు జాబితాలో చేర్చుకోవచ్చు.

అమెరికా

ఈ చదువు డిగ్రీగా మొదట రూపుదిద్దుకున్నది అక్కడే. హార్వర్డ్‌లో 1900లో మొదలైంది. ఇయాన్ మెక్‌హార్గ్ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మట్టి, నీరు, వాలు, అడవి మ్యాపుల్ని ఒకదాని మీద ఒకటి పరిచి భూమికి ఏ వాడకం తగినదో తేల్చే పద్ధతిని స్థిరపరిచారు. మీరు జీఐఎస్‌లో (కంప్యూటర్ మ్యాపుల సాఫ్ట్‌వేర్) చేసే ఓవర్లే మూలం అదే. స్టూడియోలకు ఉండే వనరులు, ప్రయాణాలు, పరిశోధన, వీటికి మన దగ్గర సాటి లేదు.

2023 జులైలో ఇంకో పెద్ద మార్పు వచ్చింది. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్‌ని స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ చదువుల) జాబితాలో చేర్చారు. అంటే చదువయ్యాక 12 నెలల ఓపీటీకి (విద్యార్థి వీసా మీదే పని చేసే అనుమతి) ఇంకో 24 నెలలు కలిసి మూడేళ్లు పని చేసే వీలుంది. అంతకుముందు వెళ్లినవాళ్లలో చాలామంది ఒక్క ఏడాదిలో హెచ్1బీ లాటరీ తగలక పెట్టె సర్దుకున్నారు. అయినా మూడేళ్ల తర్వాత మళ్లీ అదే లాటరీ, అదే టెన్షన్. వీసా నిబంధనలు ఏడాదికోసారి మారే ఈ రోజుల్లో "అక్కడే ఉండిపోతా" అన్న లెక్క మీద అప్పు చేయడం జూదమే.

పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 60 వేల డాలర్ల చుట్టుపక్కల. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో తక్కువ, కొన్నిచోట్ల టీచింగ్ అసిస్టెంట్‌షిప్‌తో ఫీజు బాగా తగ్గుతుంది. పేరు వెనకాల పడకుండా, గుర్తింపుండి సాయం ఇచ్చే రాష్ట్ర విశ్వవిద్యాలయం దొరికితే దాన్నే పట్టుకోండి. సాయం లేకుండా కోటి దగ్గరికి వెళ్లే ఖర్చుతో వెళ్లి, తిరిగొచ్చి హైదరాబాద్‌లో పని చేస్తాననడం నాకు ఏ రకంగానూ అర్థం కాదు.

బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్

బ్రిటన్‌లో షెఫీల్డ్ ఈ సబ్జెక్టుకి పాత పేరు. మొక్కల డిజైన్ మీద అక్కడ ప్రత్యేక శ్రద్ధ ఉంది. ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ గుర్తింపు ఉన్న కోర్సే ఎంచుకోండి. చదివాక రెండేళ్లుండే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకు 18 నెలలకు తగ్గుతోంది. ఒక ఏడాది మాస్టర్స్ తొందరగా అయిపోతుంది, నిజమే. కానీ తిరిగొచ్చి మన కాలేజీల్లో పాఠాలు చెప్పాలనుకుంటే విదేశీ డిగ్రీ ఇక్కడి డిగ్రీకి సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ సంగతి ముందే తేల్చుకోండి. తర్వాత తిరగడం చాలా విసుగు.

జర్మనీ గురించి మనవాళ్లకున్న "ఫీజే లేదు" అన్న మాట సగం నిజం. ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఎక్కువచోట్ల లేదు. కానీ బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటి విదేశీ విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా 2024 శీతాకాలం నుంచి ఫీజు పెట్టింది. ఇంగ్లిష్‌లో చదవాలంటే నూర్టింగెన్-గైస్లింగెన్, వైహెన్‌స్టెఫాన్-ట్రీస్‌డార్ఫ్ విద్యాసంస్థలు కలిసి నడిపే అంతర్జాతీయ మాస్టర్స్, బెర్న్‌బుర్గ్‌లో అన్‌హాల్ట్ వాళ్ల కోర్సు చూడొచ్చు. వీసాకి బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, అంటే దాదాపు 12 లక్షలు. మన చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి. దానికి పట్టే వారాలు లెక్కలో వేసుకోకపోతే అడ్మిషన్ చేతిలో ఉండి కూడా సెమిస్టర్ పోతుంది.

అసలు చిక్కు భాష. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నంత మాత్రాన ఆఫీసు ఇంగ్లిష్‌లో ఉండదు. మునిసిపాలిటీకి పంపే నివేదిక, టెండరు, కాంట్రాక్టరుతో గొడవ, అన్నీ జర్మన్‌లోనే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలిస్తారు. బీ2 స్థాయి జర్మన్ లేకపోతే ఆ 18 నెలలు ఈమెయిళ్లు పంపడంతోనే అయిపోతాయి. ఇక్కడ ఉండగానే భాష మొదలుపెట్టినవాళ్లకే నేను జర్మనీ చెప్తాను.

నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్, వాహనింగెన్. మనవాళ్లకి ఫీజు ఏడాదికి దాదాపు 20 వేల యూరోలు. సముద్ర మట్టానికి దిగువన బతికే దేశం కాబట్టి నీటితో ఎలా సర్దుకుపోవాలో చదవడానికి దానికి మించింది లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల మీద పని చేయాలన్న పట్టుదల ఉండి స్కాలర్‌షిప్ దొరికితే వెళ్లండి.

| దారి | కాలం | డబ్బు భారం | మన మట్టికి దగ్గర? | చదివాక అక్కడే పని |
|---|---|---|---|---|
| విజయవాడ ఎస్పీఏ | 2 ఏళ్లు | తక్కువ. గేట్‌తో స్టైపెండ్ | అన్నిటికన్నా దగ్గర | హైదరాబాద్, అమరావతి, బెంగళూరు |
| ఢిల్లీ, భోపాల్ ఎస్పీఏ | 2 ఏళ్లు | తక్కువ; ఢిల్లీలో అద్దె ఎక్కువ | ఒక మోస్తరు | ఢిల్లీ ఆఫీసులు బలం |
| సెప్ట్ | 2 ఏళ్లు | బాగా ఎక్కువ | ఒక మోస్తరు. మెట్ట ప్రాంతాలకు పనికొస్తుంది | దేశమంతా పేరు |
| అమెరికా | 2 లేదా 3 ఏళ్లు | చాలా ఎక్కువ, సాయం ఉంటే తగ్గుతుంది | దూరం | 3 ఏళ్ల ఓపీటీ, తర్వాత లాటరీ |
| బ్రిటన్ | 1 లేదా 2 ఏళ్లు | ఎక్కువ | దూరం | వీసా గడువు తగ్గుతోంది |
| జర్మనీ | 2 ఏళ్లు | ఫీజు తక్కువ, జీవన ఖర్చు మీదే | దూరం | భాష వస్తేనే |

ఎవరికి ఏది

హైదరాబాద్‌లోనో విశాఖలోనో సొంత ప్రాక్టీసు పెట్టుకోవాలనుకునేవాళ్లకి నా సలహా సూటిగా గేట్ రాసి ఎస్పీఏ. విజయవాడ వచ్చినా మొహం చిట్లించుకోవద్దు. హైదరాబాద్ ఆఫీసుల్లో రోజువారీ పని ఎక్కువగా గేటెడ్ కమ్యూనిటీల పోడియం తోటలు. కింద మూడు అంతస్తుల పార్కింగు, దాని స్లాబు మీద మట్టి పోసి చెట్లు పెంచాలి. తడిసిన మట్టి ఘనపు మీటరు 1.8 టన్నుల దాకా తూగుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు అడుగు మట్టికే ఒప్పుకుంటాడు, బిల్డరు బ్రోషరులో మర్రిచెట్టు గీయించేస్తాడు. ఈ గొడవ పరిష్కరించడం ఏ దేశంలో చదివినా నేర్పరు, సైటు మీదే వస్తుంది. కాబట్టి చదువు మీద తక్కువ ఖర్చు పెట్టి తొందరగా సైటుకి రావడమే మేలు.

చెరువులు, నదులు, అడవుల అంచులు లాంటి పెద్ద పని మీద మనసున్నవాళ్లు ఆలోచించాల్సింది వేరు. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా కట్టుకుంటూ వచ్చిన చెరువులు మన దగ్గర ఉన్నాయి. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. 1908 మూసీ వరద తర్వాత వచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉన్నాయి. ఇలాంటి పనికి డిజైన్‌తో పాటు హైడ్రాలజీ, జీఐఎస్, విధానాలు తెలియాలి. సాయం దొరికితే అమెరికా, నెదర్లాండ్స్ ఇక్కడ నిజంగా ఉపయోగపడతాయి. ఒక్కటే షరతు: థీసిస్ మన చెరువు మీద చేయండి. అక్కడి ప్రొఫెసర్లు సాధారణంగా కాదనరు, పైగా ఆసక్తిగా వింటారు.

అధికార యంత్రాంగంలోనో, కన్సల్టెన్సీలోనో మాస్టర్ ప్లాన్ల స్థాయిలో పని చేయాలనుంటే అసలు మీకు కావాల్సింది ల్యాండ్‌స్కేపేనా అని ఒకసారి చూసుకోండి. ఎన్విరాన్‌మెంటల్ ప్లానింగ్‌లో ఎం.ప్లాన్ (ప్లానింగ్‌లో మాస్టర్స్) ఇంకా సూటి దారి. వీధులు, చౌకులు, భవనాల మధ్య ఖాళీలు ఇష్టమైతే అర్బన్ డిజైన్. చేతులకి మట్టి అంటడం ఇష్టంలేనివాళ్లు ల్యాండ్‌స్కేప్‌కి వచ్చి బాధపడటం చాలాసార్లు చూశాను.

పాఠాలు చెప్పే ఉద్యోగం కావాలంటే బీ.ఆర్క్ మీద పీజీ తప్పనిసరి. ఆర్కిటెక్చర్ కాలేజీలో ఏ ఇబ్బందీ లేకుండా చెల్లేది మన ఎం.ఆర్క్.

ఇప్పుడే వెళ్లాలా?

ఎవరూ అడగని ఇంకో దారి ఇది. రెండేళ్లు ల్యాండ్‌స్కేప్ ఆఫీసులో పని చేసి, తర్వాత పీజీకి వెళ్లడం.

నేను అలా చేయలేదు. బీ.ఆర్క్ అవ్వగానే పీజీకి పోయాను. నేను చదివిన చోట ప్లాంటింగ్ డిజైన్ అంతా కాగితం మీదే సాగింది. రెండేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ నర్సరీకి తీసుకెళ్లలేదు. మొదటి ఉద్యోగంలో మా బాస్ నన్ను మొక్కల జాబితా ఇచ్చి కడియం పంపారు. జాబితాలో నేను చెట్టు ఎత్తు, కాండం చుట్టుకొలత శ్రద్ధగా రాశాను. కడియపులంకలో నర్సరీ ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇదంతా సరే గానీ అమ్మా, బ్యాగు సైజెంతో చెప్పు" అన్నాడు. అక్కడ మొక్క ధర, వయసు, లారీలో ఎన్ని పడతాయన్నది, అన్నీ వేరుమట్టి ఉన్న సంచి కొలతతోనే నడుస్తాయి. నేను తెల్లమొహం వేశాను. ఆయన నవ్వి, కుర్చీ వేసి, మధ్యాహ్నం దాకా వరసల మధ్య తిప్పి చెప్పాడు. ఏ చెట్టుని వేరు చుట్టుకుపోయిన సంచిలో కొనకూడదో, ఎండాకాలం లారీ ఎక్కించే ముందు ఆకులు ఎంత దూయాలో. పీజీకి ముందే ఆ రోజు గడిచి ఉంటే, తరగతిలో నేను అడిగిన ప్రశ్నలు వేరుగా ఉండేవి.

ఇంట్లో పెళ్లి ఒత్తిడి ఉన్న అమ్మాయిలు "గ్యాప్ వస్తే మళ్లీ చదవనివ్వరేమో" అంటారు. అది నిజమైన భయమే. అలాంటప్పుడు వెంటనే చేరిపోండి, వేసవి సెలవుల్లో నర్సరీలో నెల రోజులు పని అడగండి. ఎవరూ కాదనరు.

దరఖాస్తుల వరస

గేట్ రిజిస్ట్రేషన్ సాధారణంగా ఆగస్టు, సెప్టెంబరుల్లో. అమెరికా దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరి. అంటే పోర్ట్‌ఫోలియో దసరాకి సిద్ధం కావాలి. రెండు దారులకీ కలిపి సిద్ధమవడం కష్టమే కానీ అసాధ్యం కాదు. గేట్ సిలబస్‌లో సైట్ ప్లానింగ్, మొక్కల లక్షణాలు, తోటల చరిత్ర ఎలాగూ ఉన్నాయి.

పోర్ట్‌ఫోలియోలో తోటల రెండర్లు నింపకండి. కిందటేడు మా ఆఫీసుకి ఇంటర్న్‌షిప్ కోసం ఒకమ్మాయి పంపిన ఇరవై పేజీల ఫైలులో పదిహేను పేజీలు మాకు ఇప్పుడు గుర్తు లేవు. ఒక పేజీ మాత్రం గుర్తుంది. వాళ్ల అమ్మమ్మగారి ఊరి చెరువు అడ్డకోత. కట్ట, తూము, అలుగు, శిఖం భూమిలో పశువులు మేసే చోటు, కట్ట మీద తాటిచెట్ల వరస. ఎత్తులన్నీ కొలిచి వేసింది. లెవెల్ పరికరం ఎక్కడిదని అడిగితే, మేస్త్రీ దగ్గర నీళ్ల గొట్టం అప్పు తీసుకుని, ఒక కొస తమ్ముడి చేతికిచ్చి రెండు రోజులు కట్ట పొడవునా నడిచామని చెప్పింది. తమ్ముడు మధ్యలో విసుక్కుని గొట్టం వదిలేసిన చోట కొలత తప్పిందని, దాన్ని కూడా పెన్సిల్‌తో పక్కన రాసి పెట్టింది.